కోడలి సంగతి సరే, మీ అబ్బాయి ఎక్కడ?

ఉత్తరం (క్లుప్తంగా): "నాకు 62 ఏళ్ళు. మాది తెనాలి. మావారు పోయి రెండేళ్ళయింది. నవంబరులో అబ్బాయి దగ్గరికి, షికాగో పక్కన నేపర్‌విల్‌కి వచ్చాను. రెండుసార్లు ఇడ్లీ పిండి కలిపితే రెండుసార్లూ పొంగలేదు. రెండోసారి తెల్లారి లేచేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది, ఫ్రిజ్‌లో కొన్న పిండి డబ్బా ఉంది. పప్పుకి తాలింపు పెడితే పొగ అలారం మోగి, ఆరేళ్ళ మనవడు జడుసుకున్నాడు. మర్నాడు కోడలు 'ఇక తాలింపులు వద్దులెండి అత్తయ్యా' అంది. మా వాడికి నేను గ్లాసు కడగడం కూడా రానివ్వలేదు, అలా పెంచాను. టికెట్టు ముందుకు జరిపించుకుని వచ్చేస్తే కోడలు ఏమనుకుంటుంది?"

అమ్మా,

అడిగినదానికి జవాబు రెండు ముక్కల్లో చెబుతాను. ఐ-94లో, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ పత్రంలో, ఉన్న తేదీలోపు ఎప్పుడు బయల్దేరినా ఇబ్బంది లేదు. ఆరు నెలలన్నది గడువే గానీ మొక్కు కాదు. కోడలు ఏమనుకుంటుందో అన్న బెంగ పక్కన పెట్టండి. మీకు తేలాల్సిన లెక్క ఆ అమ్మాయితో లేదు.

నాలుగు పేజీలు రాశారు. అందులో మీ అబ్బాయి మాట మూడే చోట్ల వచ్చింది. ఎయిర్‌పోర్టుకి వచ్చాడు. "నీకెందుకమ్మా శ్రమ, హాయిగా కూర్చో" అన్నాడు. అలారం మోగిన రోజు కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేసి, మాటైనా అనకుండా గదిలోకి వెళ్ళిపోయాడు. తొమ్మిదేళ్ళుగా అక్కడున్న మనిషి! ఆ వంటిల్లు ఎలా పనిచేస్తుందో తల్లికి పది నిమిషాలు నిలబడి చూపించాల్సింది అతను. చూపించలేదు. దాంతో "వద్దు" అనాల్సిన పని కోడలి నెత్తిన పడింది. గిన్నె కడిగి బోర్లించింది ఎవరో మీరు చూశారా? చూడలేదు. అయినా కోడలి ఖాతాలోనే రాశారు.

అతను మీకు చెప్పాల్సినవి ఇవీ.

చలికాలం ఆ ఇళ్ళల్లో హీటరు 68, 70 ఫారన్‌హీట్ దగ్గర పెడతారు. మన లెక్కలో 20, 21 డిగ్రీలు. పిండి రాత్రికి రాత్రి పొంగాలంటే 28 నుంచి 32 దాకా ఉండాలి. మీ చేతిలో లోపం లేదు, మీ కొలతలోనూ లేదు. గ్లాసు మినపగుళ్ళకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ అక్కడా సరిపోతుంది. గుళ్ళు నాలుగైదు గంటలు నానాక చల్లటి నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ రుబ్బండి. మిక్సీ జారు వేడెక్కితే పిండి తేలికగా రాదు. రవ్వ కడిగి, గట్టిగా పిండి, చేత్తో బాగా కలపండి. గిన్నె సగానికి మించకూడదు. ఓవెన్‌ని ఒక్క నిమిషం వేడి చేసి ఆపేసి, లోపలి లైటు మాత్రం వెలిగించి, గిన్నె మూతపెట్టి లోపల ఉంచండి. పాతరకం బల్బు అయితే ఆ వెచ్చదనమే చాలు. ఎల్‌ఈడీ అయితే వేడి రాదు, గిన్నె పక్కన మరిగిన నీళ్ళ గిన్నె ఒకటి పెట్టి, చల్లారాక మార్చాలి. పన్నెండు నుంచి పదహారు గంటలు పట్టొచ్చు. ఓవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించండి. తెలియక ఎవరో ఓవెన్ వేడి చేస్తే పిండి ఉడికి గడ్డకడుతుంది.

ఇక తాలింపు. అక్కడ ఉన్నది గాజుపలక కరెంటు పొయ్యి అని రాశారు. గ్యాసు తగ్గించగానే మంట తగ్గుతుంది. దీన్ని తగ్గించినా, ఆపినా పలక చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఆవాలు చిటపటమనేసరికే నూనె మితిమీరి కాగుతుంది, ఎండుమిర్చి పడగానే మాడి ఘాటు లేస్తుంది. అడుగు చదునుగా ఉన్న చిన్న గిన్నెలో, మధ్యస్థంగా పెట్టి, ఆవాలు చిట్లడం మొదలవగానే గిన్నెను పలక మీంచి పక్కకి తీసేయండి. జీలకర్ర, మిర్చి, ఇంగువ, కరివేపాకు ఆ నూనె వేడికే వేగుతాయి. పొయ్యి మీది ఫ్యాను అయిదు నిమిషాల ముందే వెయ్యాలి. పైన ఉన్న బీరువా తెరిచి చూడమనండి, గొట్టం బయటికి వెళ్తోందో లేదో. చాలా ఇళ్ళల్లో ఆ ఫ్యాను పొగను మళ్ళీ వంటింట్లోకే ఊదుతుంది. అలాంటిదైతే కిటికీ రెండు వేళ్ళ సందు తీసి ఉంచాలి.

చూశారుగా, ఇందులో అత్తాకోడళ్ళ తగువు ఎక్కడుంది? కొడుకుని వంటింటి గడప తొక్కనివ్వకుండా పెంచి, ఈ రోజు ఆ గడపలో కోడల్ని నిలదీయడం న్యాయం కాదు. ఆమె కూడా ఉద్యోగం చేసి అలసి వస్తోంది. "హాయిగా కూర్చో" అనడం ప్రేమేనని మీ అబ్బాయి నమ్ముతున్నాడు. నలభై ఏళ్ళు పదిమందికి వండిపెట్టిన చేతులకి పని లేకుండా చేయడం ప్రేమ ఎలా అవుతుంది? ఆ మాట అతనితో మీరే అనాలి.

రోజూ రాత్రి ఎనిమిదికి, విజయవాడలో పొద్దున్న ఏడున్నరకి, మీ కూతురికి ఫోను చేసి ఇవన్నీ చెబుతున్నారు. ఆ అమ్మాయి అన్నకి మెసేజీ పెడుతోంది. అన్న మొహం ముడుచుకుంటున్నాడు. కన్నకొడుకుతో మాట్లాడడానికి సముద్రాలు దాటి రాయబారం పంపడం మీ పెద్దరికానికి తగదు. ఆపండి.

శనివారం మధ్యాహ్నం గుళ్ళు నానబోసి అబ్బాయిని పిలవండి. రవ్వ అతనే కడిగి పిండాలి. ఓవెన్ లైటు ఎక్కడుందో అతనే చూపించాలి. అక్కడ నిలబడే చెప్పండి, "నాన్నా, వారంలో రెండు రోజులు ఈ వంటిల్లు నాది. ఏ రెండు రోజులో నువ్వూ కోడలూ అనుకుని చెప్పండి. ఏదైనా నచ్చకపోతే నువ్వే నాతో అను, ఆ పిల్లతో అనిపించకు" అని. ఆ తర్వాత కూడా ఉండాలనిపించకపోతే, టికెట్టు మార్చమని కూడా అతనికే చెప్పండి.

బ్యాటరీ మాత్రం శనివారం దాకా ఆగకూడదు. పసివాడు పడుకునే ఇల్లు అది. ఈ రాత్రే పెట్టించండి. మళ్ళీ మోగితే అలారం మీదున్న బొత్తాం నొక్కితే కొన్ని నిమిషాలు ఊరుకుంటుంది. అది ఎక్కడుందో ఈ రాత్రే, ఆ కుర్చీ మీద ఉండగానే, చూపించమనండి.