పాత బ్యాచీల రిజిస్టరు రాసే ముందు

చిరంజీవి టీచరమ్మకు ఆశీస్సులు.

పది తర్వాత ఏం చదవాలో పిల్లలకు చెప్పడానికి మన బడి పూర్వ విద్యార్థుల వివరాలు సేకరిస్తానన్నావు. చాలా సంతోషం అమ్మా. కోర్సుల జాబితా ఏ కరపత్రంలోనైనా దొరుకుతుంది. మన ఊళ్ల పిల్లలు, మన ఇళ్ల ఆదాయంతో ఏ దారిన ఎంత దూరం పోగలిగారో మాత్రం నువ్వు రాస్తేనే తెలుస్తుంది. అందుకని ర్యాంకులొచ్చిన ఐదుగురితో సరిపెట్టకు. బ్యాచీ మొత్తం ఎక్కాలి.

నిరుడు వెళ్లినవాళ్ల దారి ఇంకా తేలలేదు. పాతికేళ్ల కిందటివాళ్ల కాలంలో ఉన్న ఫీజులు, కోర్సులు ఇప్పుడు లేవు. 2013 నుంచి 2016 మధ్య పది రాసిన రెండు బ్యాచీలు తీసుకో, చాలు.

ముందు ఆఫీసులో నామినల్ రోల్స్ (పది పరీక్షకు పంపిన పిల్లల జాబితాలు) తీయించి, పాసైనా ఫెయిలైనా ప్రతి పేరూ ఎక్కించు. తర్వాత అడ్మిషన్ రిజిస్టరు తిరగేసి, వాళ్లతోపాటు చదువుతూ ఎనిమిదిలో, తొమ్మిదిలో మానేసినవాళ్లను కలుపు. వాట్సాప్ గ్రూపుతో మొదలుపెట్టకు. చెప్పుకోదగ్గ ఉద్యోగం లేనివాళ్లు ఆ గ్రూపుల్లో ఉండరు, ఉన్నా మాట్లాడరు. మన పిల్లల్లో ఎక్కువమందికి పనికొచ్చేది వాళ్ల అనుభవమే. ఊరికి ఇద్దరు ముగ్గురిని పట్టుకుంటే మిగతావాళ్ల జాడ దొరుకుతుంది. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల ఇంటిపేరు, ఊరు మారిపోతాయి కాబట్టి వాళ్ల కోసం పుట్టింటికే వెళ్లి అడగాలి.

ఫోన్ చేసి "ఏం చేస్తున్నావు, జీతమెంత?" అని అడగకు. సగంమంది పెంచి చెబుతారు, మిగతావాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తరు. "పది కాగానే ఎందులో చేరావు? ఎవరు చెబితే చేరావు? ఎప్పుడు, ఎందుకు మారావు? ఇంట్లోంచి ఎంత పెట్టారు? మొదటి సంపాదన ఏ ఏడాది?" ఈ వరసలో అడుగు. ఎందుకు మారారన్న గడిని మిగతావాటికంటే వెడల్పుగా గీయి, అసలు విషయమంతా అందులోనే ఉంటుంది.

"ప్రైవేటు జాబ్" అని రాసి వదిలేయకు. మందుల కంపెనీలో ప్యాకింగా, ఫైనాన్స్ వసూళ్లా, షోరూములో సేల్సా, ఆ పనేమిటో రాయి. "సాఫ్ట్‌వేర్" అన్నా అంతే, కోడ్ రాసేవాళ్లూ కాల్ సెంటర్‌లో కూర్చునేవాళ్లూ ఒకే మాట చెబుతారు. "ఇంట్లోనే ఉంటుంది" అని భర్తో అత్తగారో చెప్పిన అమ్మాయి మగ్గం వర్క్ చేస్తూ ఉండవచ్చు, ఆశా కార్యకర్త అయి ఉండవచ్చు. ఆమెతోనే మాట్లాడు. "ఖాళీ" అన్న అబ్బాయి కానిస్టేబుల్‌కో గ్రూప్స్‌కో చదువుతుంటే ఎన్నేళ్లుగా చదువుతున్నాడో, కోచింగ్‌కు ఎంత కట్టాడో రాయి. వ్యవసాయమైతే సొంతం ఎంత, కౌలు ఎంత, పాడి ఉందా అన్నది కావాలి.

రెండు బ్యాచీలూ పూర్తయ్యాక, ఎక్కువమంది ఎక్కడ ఆగిపోయారో ఎర్ర సిరాతో గుర్తుపెట్టు. ఒకటి నీకు తప్పకుండా కనిపిస్తుంది: స్నేహితుడు చేరాడని ఎంపీసీలో చేరి, మొదటి ఏడాది లెక్కల్లో పోయి మానేసినవాళ్లు. వాళ్లకు పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష), ఐటీఐ (పారిశ్రామిక శిక్షణ సంస్థ) సంగతి వేళకు చెప్పినవాళ్లు లేరు. పాలిటెక్నిక్ మూడేళ్లు, ఆ తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. రైల్వే అప్రెంటిస్‌లను పది మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ మీద తీసుకుంటారు, రాతపరీక్ష ఉండదు. తపాలాశాఖ గ్రామీణ డాక్ సేవక్ ఎంపికా పది మార్కులతోనే. పది పాసైతే చాలు, మార్కులెందుకనే పిల్లలకు ఈ రెండూ చెప్పు.

ఫెయిలై గల్ఫ్ వెళ్లినవాళ్ల గడులు ఇంకా జాగ్రత్తగా నింపు. పది పాస్ కాని మనిషికి మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమన్న) పాస్‌పోర్ట్ వస్తుంది. దాని మీద గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. అది తప్పించుకోవడానికి కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపేస్తారు, అక్కడ జీతం ఎగ్గొట్టినా అడిగే హక్కు చేతిలో ఉండదు. ఓపెన్ స్కూల్‌లో పది పూర్తిచేస్తే ఈసీఆర్ లేని పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఫెయిలైన పిల్లల తల్లిదండ్రులను విడిగా పిలిచి ఈ మాట చెప్పాలి, అందరి ముందు కాదు.

కాగితాల దగ్గర చిక్కుకున్నవాళ్లు కూడా బయటపడతారు. ఎస్సెస్సీ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేయడం. ఉద్యోగ నోటిఫికేషన్ పడ్డాక తెలంగాణలో లోకల్ అభ్యర్థినని నిరూపించుకోవడానికి 1 నుంచి 7 తరగతుల వరకు బోనఫైడ్‌ల (ఆ బడిలో చదివినట్టు ఇచ్చే సర్టిఫికెట్ల) కోసం నాలుగు బడులు తిరగడం. ఇప్పుడు పదిలో ఉన్నవాళ్ల నామినల్ రోల్స్ పంపేముందే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడు. మెమో వచ్చాక దిద్దించుకోవడం చాలా కష్టం.

పిల్లల ముందుకు నలుగురిని పిలువు: డిప్లొమా చేసిన ఒకరు, ఐటీఐ చేసిన ఒకరు, సొంత పని పెట్టుకున్న ఒకరు, ఒకసారి తప్పి మళ్లీ కట్టి పాసైన ఒకరు. నలుగురిలో ఇద్దరైనా ఆడపిల్లలు కావాలి. తలా పావుగంట. మొదటి ఏడాది ఖర్చు, హాస్టల్, చదువులో కష్టమైన సబ్జెక్టు, ఈ మూడూ చెప్పమని ముందే అడుగు, లేకపోతే అభినందన సభ అయిపోతుంది. దసరా సెలవుల తర్వాత, నవంబరులోపు పెట్టు. ఫిబ్రవరిలో పిల్లలకు పరీక్షల భయం తప్ప ఇంకేం ఎక్కదు. ఆదివారం పెడితే కూలికెళ్లే తల్లులు కూడా రాగలరేమో కనుక్కో.

ఫోన్ నంబర్లు వేరే నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టు. గోడ మీద అంటించే చార్టులో పేర్లు వద్దు, దారులు చాలు. పేరు వేయాలనుకుంటే వాళ్లను అడిగి వెయ్యి. రెండేళ్లకోసారి ఒక కొత్త బ్యాచీ చేర్చు. నీకు బదిలీ అయిన రోజున ఈ రిజిస్టరును చార్జి లిస్టులో (వచ్చేవాళ్లకు అప్పగించే వస్తువుల జాబితాలో) రాయించి, వచ్చిన టీచరు సంతకం తీసుకో.

ఆశీస్సులతో,
రిటైర్డ్ హెడ్మాస్టరు