అంచు లోపలికి లాగేస్తోంది

ప్రశ్న: మగ్గం మీద నూలు బట్ట నేయడం ఈమధ్యే మొదలుపెట్టాను. 30 అంగుళాల వెడల్పుతో ఎత్తుకుంటే, మూర నేసేసరికి 27కి వచ్చేస్తోంది. అంచు పోగులు పటపటా తెగుతున్నాయి. పడుగు (నిలువు పోగుల) బిగువు తగ్గించాలా?

జవాబు: బిగువు జోలికి వెళ్లకండి, తప్పు పేకలో, అంటే అడ్డపోగులో ఉంది. నేనూ మొదటి ఏడాదంతా పడుగునే తిట్టుకున్నాను. పేక పోగు పడుగు మీదా కిందా వంపు తిరుగుతూ వెళ్తుంది కాబట్టి దానికి బట్ట వెడల్పు కంటే ఎక్కువ పొడవు కావాలి. తిన్నగా లాగి పన్నెతో (పోగులు దూరే దువ్వెన లాంటి పళ్ల చట్రంతో) కొడితే ఆ కాస్తనూ అంచుల నుంచి లాక్కుంటుంది. అప్పుడు అంచు పోగులు ఏటవాలై, పన్నె పళ్లకు ఒరుసుకుని తెగుతాయి. అంగుళం తగ్గడం మామూలే, మూడంటే ఎక్కువ.

నాడె (పేకను అటూ ఇటూ మోసేది) దాటాక పేకను బిగించకుండా కొంచెం ఏటవాలుగా వదిలి, అప్పుడు కొట్టండి. మరీ వదిలితే అంచున ఉచ్చులు లేస్తాయి. చేతికి అలవాటయ్యేదాకా ఈ తంటా తప్పదు. నాడెలో పేక నూలు చుట్టి ఉండే కండె కూడా చూడండి. నూలు ఆగి ఆగి ఊడుతుంటే అంచు ఎప్పటికీ కుదరదు.

వెడల్పు పట్టి ఉంచే ముళ్ల కర్రను రెండేసి అంగుళాలకు ముందుకు జరపండి. నాలుగు దాకా బద్ధకించానంటే నా అంచు మళ్లీ లోపలికే!

గాలి మరీ పొడిగా ఉన్న రోజు మగ్గం కింద తడిగుడ్డ పరచండి. నూలుకు తేమ తగిలితే బలం పెరుగుతుంది.