మడత చాకు చేస్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన మడత చాకును రెండు రోజులు జేబులో వేసుకుని తిరిగాను. మామిడికాయ కోశాను, పెన్సిల్ చెక్కాను, మూట తాడు తెంపాను. బ్లేడు బాగుంది, అద్దంలా రుద్దావు. కానీ తెరిస్తే అటూ ఇటూ ఊగుతోంది. మూసేటప్పుడు సగం దాటగానే వదులైపోతోంది. బ్లేడు మీద పదిహేను రోజులు కూర్చుని, పిడి వీపున బ్లేడును నొక్కి పట్టే వెనక స్ప్రింగ్‌ను ఒక్క సాయంత్రంలో ముగించి ఉంటావు. మొదట్లో నేనూ అదే చేశాను. మడత చాకుకు ప్రాణం ఆ స్ప్రింగే. దాని సంగతి తేలాకే బ్లేడు మెరుపు గురించి ఆలోచించాలి.

చాకు తెరిచినప్పుడు, సగం మడిచినప్పుడు, పూర్తిగా మూసినప్పుడు స్ప్రింగ్ వీపు పిడి లోపలి ఇత్తడి రేకుల అంచుతో సమంగా ఉండాలి. గోరుతో గీస్తే ఎక్కడా తట్టకూడదు. నీ చాకులో సగం మడత దగ్గర స్ప్రింగ్ పైకి లేస్తోంది. బ్లేడు మొదలుకు ఆ వైపు లోహం ఎక్కువ మిగిలిందన్నమాట. ఈ పని బ్లేడును కాల్చకముందే చేసుకోవాలి. గట్టిపడ్డాక ఆకురాయి (ఫైలు) పట్టదు, జారిపోతుంది. ఇక రాయి మీద రుద్దుకోవడమే, దానికి గంటలు పడతాయి. వదులు పిన్నులు పెట్టి బిగించు, చూడు, విప్పు, రెండు గీతలు గియ్యి, మళ్లీ బిగించు. ఇరవై సార్లు విప్పాల్సి వచ్చినా విసుక్కోకు. అన్నీ సరిపోయాయని నమ్మకం కుదిరాకే రివిట్లు కొట్టు.

బ్లేడు తీసేస్తే స్ప్రింగ్ కొస ఒక మిల్లీమీటరు దాకా లోపలికి దిగాలి. బ్లేడును పట్టి ఉంచేది ఆ వంపే. నీది దిగడమే లేదు. మధ్య పిన్ను నుంచి బ్లేడు వైపు స్ప్రింగ్‌ను కొంచెం సన్నగా చెయ్యి, అప్పుడే అది వంగుతుంది. మరీ మందంగా వదిలేస్తే తెరవడానికి గోరు విరుగుతుంది.

ఇక ఊగడం సంగతి. పిన్ను మీద ఒక్కసారిగా బలంగా కొట్టినట్టున్నావు. చిన్న గుండు సుత్తితో అంచుల చుట్టూ తేలిగ్గా కొట్టాలి, నాలుగు దెబ్బలకొకసారి బ్లేడు ఆడించి చూడాలి. పల్చటి రేకు ముక్కకు గాడి చేసి, పిన్ను చుట్టూ వచ్చేలా బ్లేడుకూ ఇత్తడికీ మధ్య దూర్చు. రివిట్ బిగిశాక లాగేస్తే బ్లేడు తిరగడానికి సరిపడా వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఇది నాకు నేర్పిన పెద్దాయన చాలా ఏళ్లు చెప్పలేదు. నీకు మొదటి ఉత్తరంలోనే చెబుతున్నాను.

బ్లేడునూ స్ప్రింగ్‌నూ ఒకేలా కాల్చకు. అయస్కాంతం పట్టడం మానేసే వేడి సుమారు 770 డిగ్రీలు. ఇంకాస్త పైకి తీసుకెళ్లి, 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన పల్లి నూనెలో ముంచు. తర్వాత బ్లేడును 200 డిగ్రీల దగ్గర గంటసేపు చొప్పున రెండుసార్లు ఉంచు, లేత ఎండుగడ్డి రంగు వస్తుంది. స్ప్రింగ్ మాత్రం నీలం తిరగాలి, అంటే దాదాపు 300 డిగ్రీలు. ఎండుగడ్డి రంగులోనే ఆపేస్తే ఏదో ఒక రోజు టక్కున విరుగుతుంది. నీళ్లలో ముంచే తొందర పడకు. నేను ఒకసారి తొందరపడి ముంచితే, నెల రోజులు చేసిన బ్లేడు అంచు దగ్గర చీలిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఉక్కు కోసం పాత లారీ కమాన్ పట్టీలు కొంటానన్నావు. అందులో కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు, పైగా అంత మందాన్ని మూడు మిల్లీమీటర్లకు దించాలంటే చేతులు పోతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మంచి కంపెనీ పాత ఆకురాళ్లు దొరికితే తీసుకో. ఎర్రగా కాల్చి, రాత్రంతా బూడిదలో పూడ్చిపెడితే మెత్తబడి డ్రిల్లింగ్‌కు లొంగుతుంది. రంధ్రాలన్నీ అప్పుడే వేసుకో.

వీలైతే ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసి రా. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. డమాస్కస్ కత్తులని లోకం పొగిడిన వాటికి మన దేశం నుంచి వెళ్లిన ఇలాంటి ఉక్కే ముడిసరుకు. ఆ గదిలో నిలబడితే నాకు ఎప్పుడూ గుండె నిండుతుంది.

పిడికి నల్లతుమ్మ చాలు. బర్రె కొమ్ము అందంగా ఉంటుంది కానీ మన హైదరాబాద్ ఎండలకు కాస్త మెలితిరుగుతుంది, అందుకే బాగా ఎండినదే వాడాలి. బ్లేడు మూడు అంగుళాలు దాటనివ్వకు. చాకును మెట్రోలో తీసుకెళ్లకు, తనిఖీ దగ్గర ఆపేస్తారు.

నీ చాకు తిరిగి పంపిస్తున్నాను. పిన్ను తల ఆకురాయితో అరగదీసి బయటికి కొట్టు, పారెయ్యకు. స్ప్రింగ్ మందం మధ్య పిన్ను దగ్గర ఎంతుందో, కొస దగ్గర ఎంతుందో కొలిచి రాత్రికి ఫోన్ చెయ్యి. ఎంత తియ్యాలో చెబుతాను.

ఇట్లు,
మీ మామ