కొండ మధ్యలో ఆగిపోయే పద్మినికి ఏ కాయిల్?

ప్రశ్న: మా నాన్నగారి పాత ప్రీమియర్ పద్మిని కారు ఉదయం తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. సింహాచలం ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్లీ మామూలే. మెకానిక్ ఇగ్నిషన్ కాయిల్ మార్చమన్నారు. దుకాణంలో మామూలుది ఒకటి, 40,000 వోల్టుల ‘స్పోర్ట్స్’ రకం ఒకటి చూపించారు. ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ

జవాబు: ఫోన్ల మధ్య బతికే నాకు ఇలాంటి ఉత్తరం వస్తే పండగే. ముందు ఆ 40,000ను పక్కన పెట్టండి. ఇంజిన్‌లో పెట్రోలును మండించే రవ్వ కోసం బ్యాటరీ వోల్టేజీని పెంచేదే కాయిల్. ప్లగ్గు మొనల మధ్య ఖాళీని రవ్వ దాటడానికి ఎంత కావాలో, కాయిల్‌లో వోల్టేజీ అంతవరకే పెరుగుతుంది. 65 వాట్ల చార్జర్ తగిలించినా ఫోను తనకు చాలినంతే తీసుకుంటుంది కదా! మీరు చూడవలసినవి ఓములు, అంటే కాయిల్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఆ కొలత.

మీ కారులో ఇంకా పాయింట్లే (కాయిల్ కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న లోహపు స్విచ్) ఉన్నాయనుకుంటున్నాను. అవి సుమారు 4 ఆంపియర్ల కరెంటును ఓర్చుకుంటాయి. కాయిల్ ప్రైమరీ (ప్లస్, మైనస్ మొనల మధ్య ఉండే తీగచుట్ట) 3 ఓములైతే 12 వోల్టులకు లెక్క సరిపోతుంది. 1.5 ఓములది బిగిస్తే 8 ఆంపియర్లు! పాయింట్లు మాడతాయి, కాయిల్ ముట్టుకోలేనంత కాలుతుంది. ఈ 1.5 ఓములది బాలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు ముందే కరెంటును తగ్గించే భాగం) ఉన్న కార్ల కోసం చేసిన రకం. మీ కారుకు ఆ రెసిస్టర్ ఉందా? పాయింట్లు మూసుకుని ఉండగా తాళం ఆన్ చేసి, కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీతో దాదాపు సమానంగా వస్తే లేనట్టే, 3 ఓములది తీసుకోండి. 6 నుంచి 9 వోల్టుల మధ్య వస్తే ఉన్నట్టు, అప్పుడు 1.5 ఓములది. అంకె చూసిన వెంటనే తాళం ఆపేయండి. ఇంజిన్ తిరగకుండా కరెంటు పారుతూ ఉంటే మంచి కాయిల్ కూడా పాడవుతుంది.

దుకాణానికి మల్టీమీటర్ తీసుకెళ్లండి, మొహమాటం వద్దు. కొలిచే ముందు దాని రెండు మొనలనూ ఒకదానికొకటి ఆనించండి. నా చవక మీటరు అలా ఆనిస్తేనే 0.4 చూపిస్తుంది. ఇంత చిన్న కొలతల్లో ఆ అంకె తీసివేయకపోతే పప్పులో కాలేసినట్టే.

అసలు దోషం కాయిల్‌దేనా? కారు ఆగిన వెంటనే రవ్వ వస్తోందో లేదో మెకానిక్ చేత చూపించండి. వస్తుంటే అనుమానం పెట్రోలు మీదికి మళ్లాలి. ఇంజిన్ వేడికి అది గొట్టంలోనే ఆవిరవుతూ ఉండవచ్చు. రవ్వ లేకపోతే ముందు డిస్ట్రిబ్యూటర్‌కు (ఒక్కో ప్లగ్గుకూ వంతులవారీగా కరెంటు పంచే భాగం) బిగించి ఉండే కండెన్సర్ మార్చండి. పాయింట్ల దగ్గర మెరుపులు రాకుండా కాపాడే చిన్న డబ్బా అది. వేడెక్కితే అదీ ఇలాగే మొరాయిస్తుంది, ధర మాత్రం కాయిల్ కంటే చాలా తక్కువ.

మీ ఇల్లు సముద్రం పక్కనే. కాయిల్ మీది రబ్బరు తొడుగు తీసి చూడండి. లోపల పచ్చగా కిలుము పట్టి ఉంటే శుభ్రం చేస్తే చాలు. మూతి మీద వెంట్రుకలా నల్లటి గీత కనిపిస్తే మాత్రం, కరెంటు ప్లగ్గుకు చేరకుండా ఆ గీత వెంట జారిపోతోందన్నమాట. ఇక ఆ కాయిల్ పనికిరాదు.

కొత్తది బిగించేటప్పుడు మైనస్ వైపు తీగ డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లాలి. తారుమారైనా కారు నడుస్తుంది కానీ రవ్వ బలహీనపడి, మళ్లీ ఆ కొండ మీదే ఇబ్బంది పెడుతుంది.