‘హాట్’ అంటే అన్నిచోట్లా వేడేనా?

ప్రశ్న: మా అబ్బాయి కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా చేరాడు. చల్లగా ఉన్న పైపును గ్రైండింగ్ చేయడానికి ‘హాట్ వర్క్’ పర్మిట్ కావాలన్నారట. ఆవిరి లైను నట్లు విప్పడానికేమో ‘కోల్డ్ వర్క్’ పర్మిట్ ఇచ్చారట. తారుమారుగా రాసిచ్చారా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: లేదండీ, సరిగ్గానే రాశారు. ఆ కాగితం మీద హాట్ అంటే ‘ముట్టుకుంటే కాలుతుంది’ అని కాదు, ‘ఈ పనిలో నిప్పు పుడుతుంది’ అని. వెల్డింగు, గ్యాస్ కటింగు, గ్రైండింగు అన్నీ అందులోకే వస్తాయి. మామూలు డ్రిల్లు మోటారులోనూ బ్రష్‌ల దగ్గర రవ్వలు లేస్తాయి కాబట్టి, చమురు వాయువులుండే చోట దానికీ ఆ పర్మిటే అడుగుతారు. తెలుగులో దీన్ని ‘నిప్పు పని’ అనుకుంటే అయోమయం ఉండదు.

పని మొదలెట్టే ముందు అక్కడి గాలిలో మండే వాయువు ఉందేమో గ్యాస్ మీటరుతో పరీక్షించాలి. చుట్టూ 35 అడుగుల మేర గోనెలు, నూనె గుడ్డలు, పెయింటు డబ్బాలు తీసేయాలి. తీయలేనివాటి మీద ఫైర్ బ్లాంకెట్ కప్పాలి. పని అయిపోగానే కాపలా మనిషి వెళ్లిపోకూడదు. కనీసం అరగంట, వీలైతే గంట అక్కడే ఉండాలి. సందులో పడ్డ రవ్వ నెమ్మదిగా రాజుకుని, అందరూ వెళ్లాక మంటవుతుంది.

మాకు ఎక్కువ బెంగ ఆ రెండో కాగితం గురించే. ‘కోల్డ్’ అని ఉంది కదా అని గ్లౌజులు వేసుకోకుండా ఆవిరి లైను మీద చెయ్యి వేస్తే చర్మం ఊడొస్తుంది. అక్కడ కోల్డ్ అంటే నిప్పు పుట్టదని మాత్రమే. వాల్వు మూసి తాళం వేయించాలి. డ్రెయిన్ (కింద నీరు వదిలే దారి), వెంట్ (పైన ఆవిరి వదిలే దారి) తెరిచి లోపల ఏమీ లేదని చూసుకోవాలి. గేజ్ ముల్లు సున్నా చూపిస్తోందని నమ్మేయకండి, అది ఇరుక్కుపోయి ఉండొచ్చు. నట్లు ముందుగా తనకు అవతలి వైపువి వదులు చేయమనండి, పూర్తిగా తీయొద్దు. మిగిలిన ఆవిరి ఏమన్నా ఉంటే ఆ పక్కకే చిమ్ముతుంది. మీ అబ్బాయికి ఈ ఒక్కటైనా చదివి వినిపించండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో గేటుకి రేకు కొంటుంటే ‘హాట్ రోల్డా, కోల్డ్ రోల్డా?’ అని అడిగారు. రెండూ చల్లగానే ఉన్నాయి!
– ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: ఆ పేరు రేకు తయారైన తీరుది. ఉక్కును సుమారు 1,200 డిగ్రీలకు కాల్చి రోలర్ల మధ్య సాగదీస్తే హాట్ రోల్డ్, అంటే హెచ్‌ఆర్. దాన్నే చల్లారాక మళ్లీ నొక్కితే సీఆర్. హెచ్‌ఆర్ మీద నీలి నలుపు పొర, అంటే పొక్కు, ఉంటుంది. దాన్ని గీకకుండా రంగేస్తే పొక్కుతోపాటు రంగూ పెచ్చులుగా ఊడుతుంది. సీఆర్ నున్నగా ఉంటుంది, బీరువాలకు బాగు. అయితే మన సముద్రపు గాలికి నూనె పూత లేకుండా ఉంచితే ఇట్టే తుప్పు పడుతుంది. గేటుకి హెచ్‌ఆర్ చాలు, పొక్కు తీయించి రెడ్ ఆక్సైడ్ కొట్టించండి.

లోహశాస్త్రంలో ఈ మాట ఇంకా దూరం పోతుంది. లోహం వంగినప్పుడు దెబ్బతిన్న స్ఫటికాలు వాటంతటవే కొత్తగా ఏర్పడేంత ఉష్ణోగ్రత ఉంటే అది హాట్ వర్కింగ్. సీసానికి గది ఉష్ణోగ్రతే చాలు. టంగ్‌స్టన్‌ను వెయ్యి డిగ్రీల్లో సాగదీసినా కోల్డ్ కిందే లెక్క. మన విశాఖ స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసుల నుంచి వచ్చే ‘హాట్ మెటల్’ను మాత్రం వేడి లోహం అని రాయకండి. అది ద్రవ ఇనుము.

ప్రశ్న: హోటల్ మెనూలో ‘హాట్ అండ్ సోర్ సూప్’ను ‘వేడి పులుపు సూప్’ అని రాశారు. సరేనా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ‘కారం, పులుపు’ అనాలి. మన భాషలో కారానికి వేరే మాట ఉంది, ఇంగ్లీషులో రెంటికీ ఒకటే. అయితే ఇంగ్లీషువారి వాడుకకూ ఆధారం లేకపోలేదు: మిరపలోని క్యాప్సైసిన్, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి, నాలుక మీద ఒకే గ్రాహకాన్ని (వేడిని పసిగట్టి నరానికి చెప్పే ప్రొటీన్‌ను) తట్టి లేపుతాయి. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.