కొన్నోళ్లకు గిట్టిందా అన్నది వాళ్ల లెక్క, నీ సీటు లెక్క వేరు

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. నా ఎప్‌సెట్ ర్యాంకుకు వరంగల్‌లోనే సీఎస్ఈ వచ్చేలా ఉంది. కానీ నాకు వీడియో గేములు తయారుచేసే పనిలోకి పోవాలని ఉంది, హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు గేమ్ డిజైన్ కోర్సుకు అడ్వాన్స్ కట్టమంటున్నారు. మైక్రోసాఫ్ట్ రేర్ అనే స్టూడియోను కొని నష్టపోయిందట, పెద్ద కంపెనీలు ఇట్లనే కొని మూసేస్తాయట అని మా బాపు ఈ లైనే వద్దంటున్నారు. ఆ కొనుగోలు నిజంగా దండగేనా? నేనేం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు రేర్ సంగతే చూద్దాం, ఎందుకంటే మీ బాపు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. ఇంగ్లండ్‌లోని రేర్ స్టూడియోను మైక్రోసాఫ్ట్ 2002లో 37.5 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. అప్పటిదాకా అందులో 49 శాతం వాటా జపాన్ గేమ్ కంపెనీ నింటెండోది. డాంకీ కాంగ్ కంట్రీ, గోల్డెన్‌ఐ, బాంజో-కజూయీ లాంటి గేములు చేసిన స్టూడియో కాబట్టి తమ గేమ్ మెషిన్ ఎక్స్‌బాక్స్‌కు కూడా అలాంటివే వస్తాయని కొన్నారు. కానీ డాంకీ కాంగ్ పాత్ర నింటెండో దగ్గరే ఉండిపోయింది. గోల్డెన్‌ఐ చేసిన వాళ్లలో కొందరు అంతకుముందే బయటికి పోయి, 1999లో ఫ్రీ రాడికల్ అని సొంత స్టూడియో పెట్టుకున్నారు. రేర్‌ను స్థాపించిన స్టాంపర్ అన్నదమ్ములు కూడా 2007లో వెళ్లిపోయారు. ఆ ఏడాది లెక్క చూసిన వాళ్లెవరైనా గిట్టలేదనే అంటారు, నేనూ అదే అంటాను. అంత ధర పోసింది పేరు చూసి, ఆ పేరు తెచ్చిన చేతులేమో అప్పటికే కొన్ని లేవు.

అయితే కథ అక్కడ ఆగలేదు. అదే రేర్ 2018లో సీ ఆఫ్ థీవ్స్ తెచ్చింది, 2022 నాటికి దాన్ని ఆడినవాళ్లు 3 కోట్లు దాటారు. అంటే కొన్న పదహారేళ్లకు పెద్ద పంట చేతికొచ్చింది. అంత ఆలస్యాన్ని లాభం అనాలా అంటే, మైక్రోసాఫ్ట్ లాంటి డబ్బున్న కంపెనీకి చెల్లుతుంది గానీ మామూలు కంపెనీ అయితే మధ్యలోనే చేతులెత్తేసేది. ఆ తర్వాత కూడా అన్నీ సాఫీగా లేవు, ఏళ్ల తరబడి చేస్తున్న ఎవర్‌వైల్డ్ గేమును 2025లో ఆపేశారు.

ఇప్పుడు నువ్వూ మీ బాపూ ఇద్దరూ గమనించని విషయం ఒకటి చెప్తాను. కొనుగోలు గిట్టడం వేరు, అక్కడ పనిచేసేవాళ్ల ఉద్యోగం నిలవడం వేరు. సోనీ 2019లో ఇన్సోమ్నియాక్ అనే గేమ్ స్టూడియోను 22.9 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ స్టూడియో అంతకుముందు ఇరవై ఏళ్లుగా ఎక్కువగా సోనీ గేమ్ మెషిన్ ప్లేస్టేషన్‌కే గేములు చేస్తోంది, పని ఎలా ఉంటుందో సోనీకి బాగా తెలుసు, 2018లో వచ్చిన వాళ్ల స్పైడర్‌మ్యాన్ గేము ఎంత ఆడిందో నీకు నేను చెప్పక్కర్లేదు. నన్నడిగితే ఈ రంగంలో ఇంత బాగా గిట్టిన బేరాలు తక్కువ. అయినా 2024 ఫిబ్రవరిలో సోనీ దాదాపు 900 మందిని తీసేసినప్పుడు అందులో ఇన్సోమ్నియాక్ వాళ్లూ ఉన్నారు. దండగ అన్న రేర్ ఇప్పటికీ నడుస్తోంది, బంగారం లాంటి బేరం అన్న చోట మనుషుల్ని తీసేశారు.

టాంగో గేమ్‌వర్క్స్ సంగతి ఇంకా కష్టంగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ జెనిమ్యాక్స్ అనే గేమ్ కంపెనీని 750 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఈ జపాన్ స్టూడియో కూడా చేతికొచ్చింది. 2023లో హై-ఫై రష్ చేసి అందరి మెప్పూ పొందారు, అయినా 2024 మేలో స్టూడియో మూసేస్తున్నామని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. మంచి పని చేసినవాళ్లకు ఇట్లా జరిగితే నాకు బాధేస్తుంది. కానీ అదే ఆగస్టులో క్రాఫ్టన్ ఆ టీమునూ ఆ గేము హక్కులనూ తీసుకుంది. క్రాఫ్టన్ అంటే ఎవరో కాదు, మీ దోస్తులందరూ ఫోన్లో ఆడే బీజీఎంఐ వాళ్లే. ఆ టీముకు గిరాకీ ఉంది కాబట్టే ఇంకొకరు పిలిచారు.

అందుకే మీ బాపు భయాన్ని కొట్టిపారేయకు, దాన్ని సరైన చోటికి తిప్పు. స్టూడియో ఎవరి చేతిలో ఉంటుందో నీ చేతుల్లో లేదు. నీ పని బయటి కంపెనీలకు కూడా పనికొచ్చేలా ఉందా లేదా అన్నదే నువ్వు చూసుకోవాల్సింది. ఈ లెక్కన చూస్తే సీఎస్ఈ సీటు వదులుకోవడం తప్పు. గేమ్ ప్రోగ్రామింగ్‌కు కావలసింది సీ ప్లస్ ప్లస్, డేటా స్ట్రక్చర్లు, కంప్యూటర్ గ్రాఫిక్స్, లెక్కలు. నువ్వు ఫస్టియర్ 1ఏలో మాట్రిక్స్‌లు, వెక్టర్లు మార్కుల కోసం చేసి వదిలేశావు చూడు, స్క్రీన్ మీద బొమ్మ తిరగాలన్నా, కెమెరా దాని వెనకాల పోవాలన్నా, గోడకు వెలుతురు ఎంత పడాలన్నా వాడేది అవే. ఆ పుస్తకాలు అమ్మేయకు. ఇవి వస్తే గేమ్ కంపెనీలో పని లేని రోజు కూడా సిమ్యులేషన్‌లోనో, విజువల్ ఎఫెక్ట్స్‌లోనో, మామూలు సాఫ్ట్‌వేర్‌లోనో బతకొచ్చు. ఒక్క టూల్ నేర్పి పంపించే కోర్సుతో అంత ధీమా రాదు.

బొమ్మలు గీయడం, క్యారెక్టర్లు తయారుచేయడం మీదే నీ మనసుంటే దారి వేరు, అప్పుడు మళ్లీ రాయి.

బీటెక్ చదువుతూనే ఏం చేయాలంటే, గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, దానితో మొదలుపెట్టి ఒక చిన్న గేము పూర్తిచెయ్. పూర్తిచెయ్ అంటే మెనూ, సౌండ్, సేవ్ అయ్యే స్కోరు అన్నీ ఉండి, ఇంకొకరి ఫోన్లో ఆగకుండా నడవాలి. సగం చేసిన పది గేముల కన్నా ఇలాంటిది ఒక్కటి చూపిస్తే ఇంటర్వ్యూలో విలువ ఎక్కువ. థర్డ్ ఇయర్ నాటికి అన్‌రియల్ అనే ఇంకో ఇంజిన్‌లోకి వెళ్లు, అక్కడ సీ ప్లస్ ప్లస్ పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీకి ఆఫీసు ఉంది, వాళ్ల కెరీర్స్ పేజీలో ఏ ఉద్యోగానికి ఏం అడుగుతున్నారో ఇప్పుడే చదివి పెట్టుకో, సిలబస్ కన్నా అది బాగా దారి చూపిస్తుంది.

ఇక ఆ ఇన్‌స్టిట్యూట్ అడ్వాన్స్ సంగతి. కట్టకముందు మూడు అడుగు: డిగ్రీ ఏ యూనివర్సిటీ పేరుతో ఇస్తారు, పోయిన బ్యాచ్ పిల్లలు చేసిన గేములు చూపిస్తారా, వాళ్లలో ఇద్దరితో నేరుగా ఫోన్లో మాట్లాడనిస్తారా. యూనివర్సిటీ పేరు చెప్తే యూజీసీ వెబ్‌సైట్లో అది ఉందో లేదో నువ్వే చూసుకో. దేనికైనా మాట దాటేస్తే పైసా కట్టొద్దు. వెబ్ ఆప్షన్లలో మాత్రం సీఎస్ఈ ఉన్న కాలేజీలు ముందు పెట్టు, పెట్టేటప్పుడు మీ బాపును పక్కన కూర్చోబెట్టుకుని ఈ జవాబు మొత్తం చదివి వినిపించు.