ఏడో తరగతి పిల్లలకు వైకల్యం గురించి చెప్పడానికి కళ్లకు గంతలు కట్టి నడిపిస్తే బాగుంటుందా?

గంతలు వద్దండి. నేను చేసి చూశాను. డిసెంబరు 3 వికలాంగుల దినోత్సవమని మా జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లల కళ్లకు చున్నీలు కట్టి వరండా చివరిదాకా నడవమన్నాను. సగంమంది నవ్వుకుంటూ ఒకరినొకరు గుద్దుకున్నారు. మిగతావాళ్లు గంత విప్పగానే "అమ్మో, నాకిలా అయితే చచ్చిపోతా టీచర్" అన్నారు. చూపు బాగా తక్కువున్న పిల్లాడొకడు మూడో బెంచీలోనే ఉన్నాడు. తలెత్తలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక నిష్పత్తులు రివిజన్ చేస్తూ, పిల్లల చేతికి టేపిచ్చి ర్యాంపు దగ్గరికి పంపాను. వీల్‌చైర్‌లో వచ్చే అమ్మాయిని ముందురోజే అడిగాను, తనకిష్టమేనా అని (అడక్కుండా మాత్రం ఏ పిల్లనీ ఉదాహరణగా నిలబెట్టకండి). ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. మా వరండా ఎత్తు 18 అంగుళాలు, కాబట్టి 18 అడుగులు రావాలి. కొలిస్తే 6. "1:4 టీచర్!" అని ఒకటే కేకలు. ఆ అమ్మాయి మాత్రం నింపాదిగా, "అది సార్ల బళ్లు ఎక్కించడానికి కట్టారు టీచర్, నా కుర్చీ ఇద్దరు తోస్తేగానీ ఎక్కదు" అంది. ఆ రోజు ఎవరూ ఆ పిల్ల కాళ్ల గురించి మాట్లాడలేదు, మేస్త్రీని తిట్టారు. లెక్కంతా వేసి అర్జీ కూడా రాశారు. ర్యాంపు ఇంకా పెరగలేదు లెండి.

వికలాంగుల హక్కుల చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పండి చాలు. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. జాబితా బట్టీ పట్టించకండి. తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులు కూడా అందులో ఉన్నాయంటే, పైకి కనపడనివీ ఉంటాయని వాళ్లకే తడుతుంది.

ఇక మన సంగతి. బోర్డు మీద "దీన్లోంచి దీన్ని తీసేస్తే ఇదొస్తుంది" అని చెప్పే రకం నేను. మూడో బెంచీ వాడికి అందులో ఏం అర్థమవుతుంది? భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే కేంద్రం) టీచరమ్మ చెప్పాక, రాసేదంతా పైకి చదవడం మొదలుపెట్టాను. నేను "ఇది" అన్నప్పుడల్లా క్లాసంతా "ఏది టీచర్?" అనాలని ఒప్పందం. మొదటి రోజు 14 సార్లు దొరికిపోయాను. అందరికంటే గట్టిగా అరిచింది వాడే.